ప్రవాసుల పిల్లలకు ఏ పరీక్ష?

వేసవి సెలవులు వచ్చినవనగానే కృష్ణా డెల్టా పల్లెలలో పెద్ద యిండ్లకు మరల కళ వచ్చును. ఏడాది పొడవునా తాతగారును నాయనమ్మగారును ఇద్దరే మసలుచుండు లోగిళ్ళలో పిల్లల సందడి మొదలగును. దుబాయి నుండి కుమారుని సంసారము, అమెరికా నుండి కుమార్తె సంసారము దిగును. విజయవాడలో కాపురమున్న చిన్న కుమారుని పిల్లలు ఆదివారమునాడు వచ్చి వారితో కలియుదురు. అరుగుపై కూర్చుండి మామిడిపండ్లు తినుచు పిల్లలు తమ తమ చదువుల ముచ్చటలు చెప్పుకొందురు.

మాకు ఎరుకైన ఒక యింట, కంకిపాటి దాపున, ఇట్టి ముచ్చటయే జరిగినది. విజయవాడ మనుమనికి ఇంటర్మీడియేటులో 1000కి 978 మార్కులు వచ్చినవి. దుబాయి మనుమరాలికి మార్కులు లేవు. ఎనిమిది సబ్జెక్టులలో ఆరింట ‘ఎ-స్టార్’ వచ్చినదట. అమెరికా మనుమడు అసలు ప్రభుత్వ పరీక్ష అనునదే ఎరుగడు. బడిలో నాలుగేండ్లు వచ్చిన గ్రేడుల సగటు 3.8 అని చెప్పెను. తాతగారు ముగ్గురి మాటలు విని పెద్ద కుమారుని అడిగిరి: “ఇంతకీ వీళ్ళలో ఎవరు బాగా చదివినట్టురా అబ్బాయీ?” కుమారుడు నవ్వలేదు. “అదే తేల్చుకోలేక సతమతమవుతున్నాం నాన్నగారూ. అమ్మాయి ఇప్పుడు ప్లస్ టూలోకి రావాలి. ఇక్కడికి తెచ్చి చేర్చాలో, అక్కడే ఉంచాలో పాలుపోవటం లేదు” అనెను.

ఈ చిక్కు ఆ యొక్క యింటిది మాత్రమే కాదు. గుడివాడ, ఉయ్యూరు, పామర్రు, అవనిగడ్డ ప్రాంతముల నుండి అమెరికాకు, గల్ఫు దేశములకు, సింగపూరునకు, ఆస్ట్రేలియాకు పోయి స్థిరపడిన కుటుంబములు పెక్కు కలవు. వారందరును ఏదో యొకనాడు ఈ కూడలిలో నిలిచి దారి వెదకుకొనవలసినవారే. బిడ్డ చేత స్వదేశపు పరీక్ష వ్రాయించుటయా, అంతర్జాతీయ పరీక్ష వ్రాయించుటయా? నిర్ణయము బెడిసినచో ధనము పోవుట ఒక యెత్తు. పదునారేండ్ల బిడ్డకు రెండు సంవత్సరములు వృథా యగుట, ఆత్మవిశ్వాసము సడలుట మరియొక యెత్తు. కావున ఈ విషయమును కొంత వివరముగా విచారింతము.

పరదేశపు పరీక్ష మన సీమకు క్రొత్త కాదు. మచిలీపట్టణములో 1843లో రాబర్టు నోబులు దొర బడిని ప్రారంభించినాడు. 1857లో లండను విశ్వవిద్యాలయపు నమూనాపై మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట మన పూర్వులు దాని పరీక్షలకు చదివిరి. ఐ.సి.యస్. పరీక్ష 1922 వరకు లండనులోనే జరిగెడిది. ఉద్యోగము భారతదేశములో, పరీక్ష సముద్రమునకు ఆవల. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1858లోనే పాఠశాల పరీక్షల సంఘమును నెలకొల్పినది. సరిగా నూరేండ్లకు, 1958లో, ఆ సీనియర్ కేంబ్రిడ్జి పరీక్షకు మారుగా మన దేశములో ఐ.సి.యస్.ఇ. పరీక్షలు జరుపు సంస్థ ఏర్పడినది. పరీక్ష యొకచోట, బ్రతుకు మరియొకచోట అనెడి ఇబ్బంది నాటి నుండియు ఉన్నదే. నేడు అది ఉద్యోగార్థులను దాటి చిన్నపిల్లల వరకు వచ్చినది.

ఇక నేడు ప్రవాస కుటుంబముల యెదుట నున్న పరీక్షలు ఏవి?

మొదటిది మన రాష్ట్రపు పద్ధతి: పదవ తరగతి పరీక్ష, ఆ పిదప రెండేండ్ల ఇంటర్మీడియేటు. ఇంటర్మీడియేటు బోర్డు 1971లో ఏర్పడినది. రెండవది సి.బి.యస్.ఇ. అనబడు కేంద్ర బోర్డు. దీని మూలము 1929 నాటిది. ఇప్పటి పేరు 1952లో వచ్చినది. ఉద్యోగరీత్యా ఊరూరు తిరుగు కుటుంబముల పిల్లలకు ఇది ఆసరా. గల్ఫు దేశములలోని భారతీయ పాఠశాలలు పెక్కు దీనికే అనుబంధమైనవి. అక్కడను ఏప్రిలులో తరగతులు మొదలగును, మన ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములే చదువుదురు, మార్చి మాసపు పరీక్షలే వ్రాయుదురు.

మూడవది కేంబ్రిడ్జి పద్ధతి. పదునారేండ్ల వయసున ఐ.జి.సి.ఎస్.ఇ., పదునెనిమిదేండ్ల వయసున ‘ఎ లెవెల్’. ఐ.జి.సి.ఎస్.ఇ. పరీక్షలు 1988లో మొదలైనవి. నాల్గవది జెనీవాలో 1968లో పుట్టిన ఇంటర్నేషనల్ బాకలారియేట్. దీనినే క్లుప్తముగా ఐ.బి. అందురు. దౌత్యోద్యోగుల వలె దేశదేశములు తిరుగువారి పిల్లలు ఏ దేశపు విశ్వవిద్యాలయములోనైనను చేరుటకు వీలుగా దీనిని కల్పించిరి. అయిదవది అమెరికా పద్ధతి. అక్కడ దేశమంతటికి ఒకే పరీక్ష లేదు. హైస్కూలు గ్రేడులు, వానితోపాటు ఇష్టమైనవారు వ్రాయు శాట్ పరీక్ష, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు - ఇవియే అక్కడి కొలతలు.

వీనిలో బోధన తీరు ఎట్లు వేరుపడునో యెరుగుట అవసరము. మన ఇంటర్మీడియేటు విద్యార్థి మూడు నాలుగు విషయములను గ్రహించి, నిర్ణీత కాలములో తప్పు లేకుండ లెక్క చేయుటకు, జవాబు వ్రాయుటకు అలవాటు పడును. ఆ వేగము మన పిల్లల బలము. దానిని తక్కువ చేయరాదు. ‘ఎ లెవెల్’ విద్యార్థి సాధారణముగా మూడు నాలుగు సబ్జెక్టులు మాత్రమే తీసికొని లోతుగా చదువును. తెలిసిన సూత్రమును తెలియని సందర్భమునకు అన్వయింపుమని ప్రశ్నలు అడుగుదురు. ఐ.బి. విద్యార్థి ఆరు సబ్జెక్టులు చదువవలెను. ఒక్కొక్కదానికి 7 చొప్పున 42, జ్ఞానసిద్ధాంతము అను పాఠమునకు, స్వయముగా పరిశోధించి వ్రాయు నాలుగు వేల పదముల దీర్ఘవ్యాసమునకు కలిపి మరి 3, మొత్తము 45. ఇందు 38 వచ్చిన బిడ్డ చాల తెలివిగలది. కాని ఆ సంఖ్యను మన ఊరిలో చెప్పిన, “నూటికి ముప్పది యెనిమిదా?” అని జాలిపడువారు ఉందురు. కొలకుంచము వేరైనపుడు ధాన్యమును సరిపోల్చుట యెట్లు?

కావున “ఏ పరీక్ష గొప్పది?” అనునది సరియైన ప్రశ్న కాదు. పులిగడ్డ-పెనుమూడి వారధి రాకపూర్వము దివిసీమ నుండి రేపల్లె వైపు పోవువారు కృష్ణను పడవపై దాటవలసి వచ్చెడిది. రేవునకు వచ్చినవాడు ఏ పడవ అందముగా నున్నదని అడుగడు. ఏది పెనుమూడికి పోవునని అడుగును. అట్లే తలిదండ్రులు మొదట తేల్చుకొనవలసినది ఇది: పదునెనిమిదవ యేట మన బిడ్డ ఏ విద్యాలయపు వాకిట నిలువవలెను? ఆ వాకిటిని మొదట నిర్ణయించి, అచ్చటి నుండి వెనుకకు లెక్కించుకొని రావలెను. ఆ వాకిళ్ళు ముఖ్యముగా మూడు.

మొదటి వాకిలి మన రాష్ట్రములోని ఇంజనీరింగు, వ్యవసాయ, వైద్య కళాశాలలు. 1986లో ఎంసెట్ పేరుతో ప్రారంభమైన ప్రవేశపరీక్ష 2021 నుండి మన రాష్ట్రములో ఇ.ఎ.పి.సెట్ అయినది, వైద్యమునకు మాత్రము దేశమంతటికి నీట్ పరీక్ష వచ్చినది. ఇ.ఎ.పి.సెట్ ర్యాంకులో ప్రవేశపరీక్షకు 75 వంతులు, ఇంటర్మీడియేటు లేక తత్సమానమైన పరీక్ష మార్కులకు 25 వంతులు లెక్కకు తీసికొందురు. పరబోర్డు విద్యార్థి తన మార్కులను విడిగా తెలుపుకొనవలసి యుండును.

అయితే ఇంతకంటెను ముఖ్యమైనది ‘స్థానికత’. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును అనుసరించి ఇచ్చటి సీట్లలో నూటికి 85 స్థానికులకు కేటాయించిరి. విజయవాడ, కృష్ణా డెల్టా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతమున చేరును. ఎవరు స్థానికులు? తాతగారి పొలము ఇచ్చట ఉన్నంత మాత్రమున మనుమడు స్థానికుడు కాడు. అర్హత పరీక్షతో ముగియు నాలుగు సంవత్సరములు వరుసగా ఇచ్చట చదువుట ముఖ్యమైన ఆధారము. అనగా తొమ్మిది, పది, పదకొండు, పండ్రెండు తరగతులు. దుబాయిలో పది చదివి ఇంటర్మీడియేటునకు మాత్రము విజయవాడ వచ్చిన బిడ్డకు ఇచ్చట రెండేండ్లే యగును. ఈ సంగతి ఎరుగక, కౌన్సెలింగు నాడు ధ్రువపత్రముల బల్ల యొద్ద నిలిచి కన్నీరు పెట్టుకొనిన తలిదండ్రులను మేము చూచితిమి. తెలివి తక్కువై కాదు, తేదీ తెలియక నష్టపోయినవారు వారు.

రెండవ వాకిలి దేశవ్యాప్త సంస్థలు: ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.లు, కేంద్ర వైద్య కళాశాలలు. వీనికి జె.ఇ.ఇ., నీట్ పరీక్షలు తప్పవు. నీట్ వ్రాయుటకు విదేశములలోను కేంద్రములు కలవు. గల్ఫు దేశములలో పనిచేయు భారతీయుల పిల్లలకు ఎన్.ఐ.టి. వంటి సంస్థలలో ప్రత్యేకముగా కొన్ని సీట్లు కలవు. కాని ఈ పరీక్షల ప్రశ్నలన్నియు ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యక్రమము చుట్టును తిరుగును. కావున సి.బి.యస్.ఇ. బిడ్డకు బడిచదువు, పోటీచదువు ఒకే త్రోవన పోవును, కేంబ్రిడ్జి, ఐ.బి. బిడ్డలు రెండు త్రోవలు నడువవలెను. మన రాష్ట్రపు ఇంటర్మీడియేటు బోర్డు సైతము 2025-26 నుండి మొదటి సంవత్సరమున ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యక్రమమునకు మారినది, కావున ఆ రెంటి నడుమ దూరము తగ్గినది.

డాక్టరు కాగోరు బిడ్డల విషయమున ఒక మెలిక చెప్పవలెను. నీట్‌కు భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును పండ్రెండవ తరగతిలో చదివి యుండవలెను. ఐ.బి. డిప్లొమాలో భాష, సామాజిక శాస్త్రము, గణితము మున్నగు వానికి చోటు పోగా సాధారణముగా రెండు శాస్త్రములకే వీలుండును. మూడవదానికి పాఠశాల ద్వారా ప్రత్యేకముగా అనుమతి పొందవలెను. ఈ సంగతి పదకొండవ తరగతిలో చేరుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. పండ్రెండు ముగిసిన పిమ్మట తెలిసినచో సరిదిద్దుకొనుట శ్రమ.

మూడవ వాకిలి విదేశ విశ్వవిద్యాలయములు. ఇంగ్లండులో ‘ఎ లెవెల్’, ఐ.బి. సొంత నాణెముల వలె చెల్లును. అమెరికాలో ఆ పరీక్షలలో మంచి గ్రేడులు వచ్చినచో కొన్ని విశ్వవిద్యాలయములు మొదటి సంవత్సరపు పాఠములు కొన్నింటిని చదివినట్లే లెక్కించును; ఫీజు ఆ మేరకు ఆదా. అయినను సి.బి.యస్.ఇ. చదివినవారికి తలుపులు మూసికొనుననుట అపోహ. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో పెక్కు విశ్వవిద్యాలయములు దానిని అంగీకరించును. జర్మనీ విషయము వేరు. మన ప్లస్ టూ మాత్రమే యున్నచో అక్కడ నేరుగా చేరుట సాధారణముగా కుదరదు. ఇచ్చట ఒక యేడు డిగ్రీ చదువుట, లేక జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్‌లో నెగ్గుట, లేక అక్కడి సన్నాహక కళాశాలలో చదువుట అవసరమగును. కావున “విదేశము” అని ఒక్క మాటలో అనుకొనరాదు. ఏ దేశమో నిర్ణయించుకొని విచారింపవలెను.

ఈ మూడు వాకిళ్ళకును ముందు ఒక గడప కలదు. అది పౌరసత్వము. గల్ఫులో పుట్టిన మన బిడ్డ భారతీయుడుగనే యుండును. అమెరికాలో పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు. వాని చేతిలో నుండునది ఓ.సి.ఐ. కార్డు. 2021 మార్చి 4వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఇచ్చిన ప్రకటన ననుసరించి ఓ.సి.ఐ. కార్డుదారులు నీట్, జె.ఇ.ఇ. వంటి ప్రవేశములలో ప్రవాసుల సీట్లకు మాత్రమే అర్హులు. ఆ తేదీకి ముందే కార్డు పొందినవారికి ఇది వర్తింపదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. కావున కార్డుపై ముద్రించిన తేదీని ఇప్పుడే తీసి చూచుకొనవలెను. “పిల్లవానిని నూజివీడులో ఉంచి చదివించి వైద్య కళాశాలలో చేర్పింతము” అని తలచు అమెరికా తలిదండ్రులు ఆ తేదీని బట్టియే ఖర్చు లెక్క వేసికొనవలసి యున్నది.

ఇన్ని చెప్పినది ఒక సంగతి స్పష్టమగుటకు. నిర్ణయమునకు తగిన వేళ ఇంటర్మీడియేటు కాదు; తొమ్మిదవ తరగతికి ముందు. అనగా బిడ్డకు పదుమూడు పదునాలుగేండ్లు నిండువేళ. స్థానికత నాలుగేండ్లు అచ్చట మొదలగును. పాఠ్యక్రమముల నడుమ అగాధము అచ్చట ఇంకను చిన్నది. స్నేహితులను చేసికొనుటకు, ఉక్కను, దోమలను, ఉపాధ్యాయుల కేకలను అలవాటు చేసికొనుటకు సమయముండును. పదునారవ యేట తెచ్చి, ఇంగ్లీషు తప్ప యెరుగని బిడ్డను నగర శివారులలోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో దింపి, తెల్లవారుజామున లేచి రాత్రి వరకు చదువుమనుట - దానిని ఓర్చి పైకి వచ్చినవారును కలరు, కాని నలిగిపోయిన బిడ్డలను కూడ మేమెరుగుదుము. సెలవులలో వచ్చి మామిడిపండ్లు తిన్న ఊరు వేరు, వచ్చి నిలిచి పోటీ పడవలసిన ఊరు వేరు.

“మేము ఎప్పుడు తిరిగి వచ్చెదమో మాకే తెలియదు” అనువారు మెండు. వారి మాటయు నిజమే. 1990 ఆగస్టులో కువైటుపై దాడి జరిగినపుడు సుమారు లక్షా డెబ్బది వేల మంది భారతీయులను విమానములపై స్వదేశమునకు తెచ్చిరి. ఆ యేటి చదువును ఆగస్టులో ఎవరైనను ముందుగా ఊహింపగలిగిరా? 2017 జూలైలో సౌదీ అరేబియా ప్రవాసుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళు రుసుము విధించి, ఏటేట పెంచి 2020 నాటికి 400 చేసినది. భార్యాబిడ్డలను ఇంటికి పంపివేసి తాము మాత్రము అక్కడ నిలిచిన తండ్రులు పెక్కుమంది. అమెరికాలో తండ్రి వర్కు వీసాపై ఆధారపడిన బిడ్డకు 21వ యేట ఆ ఆధారము తెగిపోవును. గ్రీన్ కార్డు వరుస అంతకు ముందే ముగియునను భరోసా లేదు.

ఇట్టి అనిశ్చితిలో నున్నవారికి మా సలహా ఒక్కటే: రెండు ఒడ్డులను చేరగల పడవను ఎక్కవలెను. గల్ఫు కుటుంబములకు అట్టి పడవ చాలవరకు సి.బి.యస్.ఇ.యే. ఊరు మారినను పుస్తకము మారదు, తరగతి మధ్యలో తెగదు. దానిలో తెలుగును పరీక్షా విషయముగా తీసికొను వీలున్నది; పాఠశాలలో బోధించువారున్నారో లేదో అడుగవలెను. కేంబ్రిడ్జిలో నున్నవారు భౌతిక, రసాయన, గణిత శాస్త్రములను విడువక యుంచుకొన్నచో తిరుగు త్రోవ తెరచియే యుండును. అమెరికాలో నున్నవారును 11, 12 తరగతులలో ఆ మూడింటిని పూర్తిగా చదివి యుండుట మేలు. ఏదో యొక యేట కెమిస్ట్రీ చదివితి నన్నంత మాత్రమున మన దేశపు ప్రవేశ నిబంధనలకు అది చాలకపోవచ్చును.

నడియేట పడవ మార్చుట ఎంత కష్టమో చూపుటకు మన రాష్ట్రమునందే ఉదాహరణ కలదు. 2022-23లో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలు వేయింటికి సి.బి.యస్.ఇ. అనుబంధము తెచ్చిరి. 2024 జనవరిలో ఐ.బి. సంస్థతోను ఒడంబడిక వ్రాసికొనిరి. 2024లో ప్రభుత్వము మారినది. ఆ వేయి పాఠశాలల పదవ తరగతి విద్యార్థులు రాష్ట్ర బోర్డు పరీక్షయే వ్రాయవలెనని ఆ యేటి మధ్యలో నిర్ణయించిరి. ఐ.బి. యత్నము ముందుకు సాగలేదు. ఏది మంచి, ఏది చెడు అను చర్చలోనికి మేము పోము. ఒక పద్ధతికి సిద్ధపడిన బిడ్డ కొన్ని నెలలలో మరియొకదానికి సిద్ధపడవలసి వచ్చినది. సి.బి.యస్.ఇ. వారును 2010లో అంతర్జాతీయ పాఠ్యక్రమమును ఒకదానిని ప్రారంభించి, 2017లో ఆపివేసిరి. కావున క్రొత్తగా తెరచిన దారి కంటె, కొన్నేండ్లు విద్యార్థులు నడచి గమ్యము చేరిన దారిని ఎన్నుకొనుట వివేకము.

బందరు రోడ్డు మీదను, ఏలూరు రోడ్డు మీదను ‘ఇంటర్నేషనల్’ అను బోర్డులు కట్టిన పాఠశాలలు కలవు. ఆ పేరు గలవన్నియు అంతర్జాతీయ పరీక్షలు జరుపునవి కావు. లోపలికి పోయి అడుగవలసినవి మూడు ప్రశ్నలు: మీకు ఏ బోర్డు అనుబంధము కలదు, దాని పత్రము చూపుదురా? ఏ తరగతి వరకు? క్రిందటి యేడు ఎంతమంది ఆ పరీక్ష వ్రాసి ఎచ్చట చేరిరి? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పని చోట అడ్మిషను ఫీజు కట్టరాదు.

కాగితముల సంగతియు కొంత చెప్పవలెను. అంతర్జాతీయ పరీక్షలు మన ప్లస్ టూకు సమానమని ధ్రువపరచు పనిని భారత విశ్వవిద్యాలయముల సంఘము చిరకాలముగా చేయుచు వచ్చినది; ఐ.బి. డిప్లొమా, నియమిత సంఖ్యలో ‘ఎ లెవెల్’ సబ్జెక్టులు దానిచే గుర్తింపు పొందినవే. 2025 ఏప్రిలులో యు.జి.సి. కూడ విదేశ విద్యార్హతల గుర్తింపునకు క్రొత్త నిబంధనలు ప్రకటించినది. కావున చేరదలచిన కళాశాల ఏ పత్రమును అడుగునో ఒక సంవత్సరము ముందే తెలిసికొనవలెను. బదిలీ పత్రము, మార్కుల పట్టికలు ఆ దేశము విడుచుటకు ముందే ధ్రువీకరింపించి తెచ్చుకొనవలెను. తిరిగి వచ్చిన పిమ్మట దూరదేశపు కార్యాలయముతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుట బహు శ్రమ.

తేదీలును అంతే ముఖ్యము. సి.బి.యస్.ఇ. ఫలితములు సాధారణముగా మే మాసమున వచ్చును. ఐ.బి. మే పరీక్షల ఫలితములు జూలై ఆరంభమున, ‘ఎ లెవెల్’ వేసవి ఫలితములు ఆగస్టు నడుమ వచ్చును. అప్పటికి మన కౌన్సెలింగు చాల దూరము సాగి యుండును. భారతదేశములోని కేంబ్రిడ్జి పాఠశాలల కొరకు మార్చి పరీక్షలును కలవు; ఇచ్చట చేరగోరువారికి అవి అనుకూలము. అటులనే సెప్టెంబరులో తరగతులు మొదలగు బడి నుండి జూనులో మొదలగు బడికి వచ్చు బిడ్డకు కొన్ని నెలలు అటో యిటో తేడా వచ్చును. ఆ నెలలను వృథా చేయక తెలుగు చదువుటకు, వ్రాయుటకు వినియోగించిన రెండు విధముల లాభము.

తెలుగు మాట వచ్చినది కనుక మరియొక మాట. అమెరికాలో 2007 నుండి నడచుచున్న ‘మనబడి’ వంటి తరగతులలో వేలకొలది పిల్లలు ఆదివారములు తెలుగు నేర్చుచున్నారు. తెలుగు వచ్చిన బిడ్డ ఏ పరీక్ష వ్రాసినను విజయవాడలో పరాయివాడు కాడు. హాస్టలులో ప్రక్క మంచము పిల్లవానితో మాటలాడగలడు, మేష్టారు తెలుగులో వేసిన ఛలోక్తికి అందరితోపాటు నవ్వగలడు. ఆ నవ్వు లేని చోట ఎంత తెలివిగల బిడ్డయు ఒంటరి యగును.

తుదకు, బిడ్డ స్వభావము. ఒక బిడ్డ ప్రశ్నించి, వెదకి, వ్యాసము వ్రాసి ఆనందించును. మరియొక బిడ్డ లెక్క మీద లెక్క చేసి, గడియారముతో పోటీ పడి ఆనందించును. మొదటి బిడ్డను యంత్రము వలె నడిపించుట, రెండవ బిడ్డను గాలికి వదలుట రెండును పొరబాటే. అంతర్జాతీయ పాఠశాలల రుసుము పలు రెట్లు అధికము. ఆ ధనము వలన బిడ్డకు కలుగు మేలు ఏమో, ఊరిలో మనకు కలుగు పేరు ఏమో విడదీసి చూచుకొనవలెను.

ఆ కంకిపాటి యింటిలో ఏమి నిశ్చయించిరని మీరు అడుగవచ్చును. ఆ రాత్రి తాతగారు మనుమరాలినే పిలిచి, “నువ్వు ఏం చదవాలనుకుంటున్నావమ్మా?” అని అడిగిరి. ఆమె ఇంగ్లండులో వాస్తుశిల్పము చదువవలెనని కోరుకొనుచున్నదట. అంతవరకు ఆ సంగతి ఆమెను ఎవరును అడుగలేదు. వాకిలి తెలిసిన పిమ్మట దారి వెదకుట సులువైనది. ఆమె ‘ఎ లెవెల్’కు అక్కడనే నిలుచుననియు, ఏడవ తరగతిలో నున్న తమ్ముని మాత్రము ఎనిమిది ముగియగానే విజయవాడకు తెచ్చెదమనియు నిర్ణయించిరి. ఒక యింటి యిద్దరు బిడ్డలకు రెండు దారులు. రెండును సరియైనవే కావచ్చును. మీ యింట ఈ మాట ఇంకను తేలనిచో ఈ సెలవులలోనే, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ మొదటి ప్రశ్న అడుగుడు.